గుమ్మటం కింద గట్టిగా చెప్పిన మాట

డిగ్రీ చదివే రోజుల్లో కర్నూలు గుమ్మటం గోడ మీద సైకిల్ తాళంచెవితో ఒక అమ్మాయి పేరు గీసింది నేను. దెబ్బలు తిన్నది నా స్నేహితుడు దస్తగిరి. అక్కడ కావలి ఉండే మహబూబ్ సాయెబు తన కొడుకే గీశాడనుకుని అందరి ముందూ కొడుతుంటే, నేను కమాను చాటున నిలబడి నోరు విప్పలేదు. ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడని ఈమధ్యే తెలిసింది. అందుకే ఈ ప్రయాణం.

బద్వేలులో ఉదయం ఆరింటికి బస్సెక్కాను. మైదుకూరు, ఆళ్లగడ్డ దాటి నంద్యాలలో ఆగినప్పుడు ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మీరు వెళ్తే అక్కడే తినేయండి, తర్వాత బస్సు ఎక్కడా నిలవదు. ఓర్వకల్లు రాతిగుట్టల దగ్గర పక్క సీటు పెద్దమ్మ ఎక్కడికని అడిగింది. గుమ్మటం చూడ్డానికన్నాను.

"సమాధి చూసేకి ఇంత దూరమా? ఇంట్లో ఏమన్నా గొడవాప్పా?"

పొద్దుటి నుంచీ బిగుసుకున్నవాణ్ణి, అప్పుడు నవ్వాను.

కర్నూలు బస్టాండుకు దస్తగిరి తన ఆటో తెచ్చాడు. హంద్రీ ఒడ్డు చేరేలోపు సంగతంతా చెప్పేశాను. అతను వెనక్కి తిరగలేదు.

"నువ్వు గీకినావని నాకు అప్పుడే తెలుసు గదప్పా. మా నాయనకు చెప్పు. ఈ పొద్దుకీ నన్ను లోపలికి రానీడు."

ఒకప్పటి కర్నూలు పాలకుడి సమాధి అది. పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు గుమ్మటాలు. లోపల అడుగు పెడితే ఎండ గడప దగ్గరే ఆగిపోతుంది. దస్తగిరి కూడా అక్కడే నిలబడ్డాడు. నేను గీసిన చోట సున్నం పూసి నున్నగా చేశారు. వేలు పెడితే మాత్రం గాడి తగిలింది.

మహబూబ్ సాయెబు గుమ్మటం కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కావలి మానేసినా రోజూ వస్తాడట. చెవి దగ్గర మెల్లగా చెప్పాను.

"ఇనపడలేదప్పా. గట్టిగా చెప్పు."

చుట్టూ ఫోన్లతో ఫొటోలు తీసుకునేవాళ్లు. బయటికి తీసుకుపోదామా అనుకున్నాను. ఆనాడు ఆయన కొడుకు దెబ్బలు తిన్నది ఇక్కడే, అందరి ముందే. లేచి నిలబడ్డాను.

"మామా, ఆ గోడ గీకింది నేను. దస్తగిరి కాదు. నన్ను మన్నించు."

గుమ్మటం ఆ మాటలు మళ్లీ అంది. అందరూ తిరిగి చూశారు. పెద్దాయన వాకిలి వైపు తిరిగాడు.

"దస్తగిరీ, లోపలికి రారా."

తిరుగు బస్సు నాలుగింటికి ఉంది. వెళ్లేవాళ్లు చూసుకోండి. నేను దాన్ని వదిలేశాను.