కాలనీకి కూరగాయల బండి వచ్చాక

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. అప్పుడు నా డ్యూటీ జగ్గయ్యపేటలో ఊరి చివర కాలనీలో. నేను ఏఎన్ఎంని. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులకూ పిల్లలకూ టీకాలు వేసి, రక్తపరీక్షలు చేసి, ఎవరికి ఏ ప్రమాదం పొంచి ఉందో రిజిస్టరులో రాసే నర్సుని. అప్పటికే పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని.

ఆ కాలనీలో పెద్ద సమస్య రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిన్ పదకొండు ఉండాలి. అక్కడ ఎనిమిది, తొమ్మిది ఉన్నవాళ్ళే ఎక్కువ. ఐరన్ మాత్రలు ఇచ్చేదాన్ని. ఆ తరువాత డైట్ కౌన్సెలింగ్, అంటే ఏం తినాలో చెప్పడం. తోటకూర తినండి, మునగాకు తినండి అని చెప్తే నవ్వేవాళ్ళు. మార్కెట్టు ఊరి మధ్యలో ఉంది. పొద్దున్నే కూలికి పోయే మనిషి ఆటో ఎక్కి అక్కడికి వెళ్ళి ఆకుకూర ఎప్పుడు తెచ్చుకుంటుంది?

అయితే కాలనీకి అసలేమీ రాదనుకుంటే తప్పు. రాహేలమ్మ వచ్చేది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. పాలేటి ఒడ్డున రెండు తోటల నుంచి తెల్లారకముందే ఆకుకూరలు, వంకాయలు, బీరకాయలు ఎత్తుకుని, రోజు విడిచి రోజు గంప నెత్తిన పెట్టుకుని కాలనీ అంతా తిరిగేది. నేనూ ఆమే ఒకే సందులో ఎదురుపడేవాళ్ళం. "అక్కా, చివరింటి సునీతకి రక్తం తక్కువుంది" అని చెవిలో వేస్తే చాలు. మర్నాటి నుంచి ఆ ఇంటికి మునగాకు విడిగా కట్ట కట్టి తెచ్చేది. సునీత వద్దన్నా వాకిట్లో పెట్టి, "సిస్టరుగారు తిడతారమ్మా, వండుకో" అని వెళ్ళిపోయేది. నా మాత్రలు గూట్లో ఉండిపోయిన ఇళ్ళలో కూడా ఆమె ఆకుకూర పొయ్యి మీదికి ఎక్కింది. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ తరువాత చేసిన పని చేశాను.

ఆ ఏడాది మూడు సంస్థలు కలిసి ముందుకొచ్చాయి. ఒక కంపెనీ, విజయవాడలోని ఒక ట్రస్టు, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళ సంఘం ఒకటి. పట్టణాల్లోని పేదల కాలనీలకు తాజా కూరగాయలు సగం ధరకు అందించే బండి నడుపుతామన్నారు. వాళ్ళ తరఫున శ్రీనివాసరావు గారని ఒక రిటైర్డ్ లెక్చరరు మా ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. మంచి మనిషి. ఎండలో నాతో పాటు ప్రతి సందూ తిరిగారు. పని మొదలయ్యే ముందు పరిస్థితి ఎలా ఉందో రాసుకునే బేస్‌లైన్ సర్వే ఫారాలు నా చేతిలో పెట్టారు.

అందులో ఒక ప్రశ్న: "అర కిలోమీటరు లోపల కూరగాయల దుకాణం ఉందా?"

నేను పెన్ను ఆపి, "దుకాణం లేదు కానీ ఒకావిడ గంపలో తెస్తుందండి" అన్నాను.

ఆయన ఫారంలో ఆ గడి మీద వేలు పెట్టారు. "ఉందని రాస్తే ఈ కాలనీ లిస్టులోకి రాదమ్మా. బండి పక్క ఊరికి పోతుంది. ఆపైన మీ ఇష్టం."

లేదు అని రాశాను. అడిగింది దుకాణం గురించి కదా, గంప గురించి కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. బండి వస్తే అందరికీ మంచిదే కదా అనుకున్నాను. రాహేలమ్మ ఏమవుతుందన్న ఆలోచన ఆ రోజు రానే లేదంటే అబద్ధం. వచ్చింది. పక్కన పెట్టేశాను.

బండి వచ్చింది. ఆకుపచ్చ రంగు, మూడు సంస్థల పేర్లు, మైకులో పాట. మంగళవారం, శుక్రవారం కాలనీ మొదట్లో ఆగేది. టమాటాలు, క్యారెట్లు, ఆకుకూరలు, సగం ధర. ఆడవాళ్ళు సంచులు పట్టుకుని బారులు తీరారు. మూడు నెలలకు చాలామందికి హిమోగ్లోబిన్ పెరిగింది. నందిగామలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఆ ఫొటో మా కేంద్రం గోడ మీద చాలాకాలం ఉంది.

ఒకరోజు రాహేలమ్మ సగం నిండిన గంపతో నా దగ్గరికి వచ్చింది. కోపంగా రాలేదు.

"బండి మంచిదేనండి సిస్టరుగారూ. మొన్న నేనూ అందులోనే ఉల్లిపాయలు కొన్నా. నన్ను కూడా ఆ బండి మీద పెట్టుకోమని ఒక మాట చెప్తారా? తూకం నాకొచ్చు. ఏ ఇంట్లో ఏం తింటారో నాకు తెలుసు. ఆ తోటలోళ్ళు కూడా నా మాట మీదే ఇస్తారండి."

ఇంతకంటే తెలివైన ప్రతిపాదన ఆ పథకంలో ఎవరూ చేయలేదు. శ్రీనివాసరావు గారికి చెప్పాను. ఆయన దాన్ని కమిటీకి తీసుకెళ్ళారు. కంపెనీవాళ్ళు బిల్లులిచ్చే ఏజెన్సీ ద్వారానే మనుషుల్ని తీసుకుంటామన్నారట. ట్రస్టువాళ్ళు తమ మహిళా సంఘంలో సభ్యురాలై ఉండాలన్నారట. బయటి దేశాల సంఘంవాళ్ళు మిగతా ఇద్దరూ ఒప్పుకుంటే తమకేం అభ్యంతరం లేదన్నారట. చివరికి ముగ్గురూ ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికొచ్చారు. ఆమె పేదరాలు కాబట్టి ఆమెనూ లబ్ధిదారుల్లో చేర్చి, నెలకు నాలుగుసార్లు ఉచితంగా కూరగాయలు తీసుకునే కార్డు ఇచ్చారు.

ఆ కార్డు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. రాహేలమ్మకు చదువు రాదు. "ఏంటండీ ఇది?" అంది. చెప్పాను. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కూరగాయలమ్మేదాన్ని నేను. నాకు కూరగాయలు దానం చేస్తారా?" అని కార్డు నా రిజిస్టరు మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే గంప మానేసింది. నందిగామలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పొద్దున్నే బస్సెక్కి పోవడం మొదలుపెట్టింది. రోజంతా ఆ ఘాటులో కూర్చునే పని. నాలుగైదు నెలల్లో ఆమెకు దగ్గు పట్టుకుంది.

బండి ఏడాది పైన నడిచింది. తరువాత కంపెనీవాళ్ళ దృష్టి మొక్కలు నాటడం మీదికి మళ్ళింది. వాళ్ళు తప్పుకుంటే తామొక్కళ్ళం మోయలేమని ట్రస్టువాళ్ళన్నారు. సంఘంవాళ్ళు ఈ ఇద్దరూ తేల్చుకునేదాకా ఆగుతామన్నారు. ముగ్గురు కలిసి మొదలుపెట్టిన పనిని ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆపలేదు. అది ఆగిపోయింది, అంతే. కాలనీవాళ్ళకు ఒక మాటైనా చెప్పలేదు. ఒక మంగళవారం ఆడవాళ్ళు సంచులతో నిలబడి, ఎండెక్కాక ఇళ్ళకు పోయారు. శుక్రవారం మళ్ళీ నిలబడ్డారు.

శ్రీనివాసరావు గారికి ఫోన్ చేస్తే, "నాక్కూడా పేపరు మీద ఏమీ ఇవ్వలేదమ్మా. సిగ్గుగా ఉంది" అన్నారు.

సునీతకు అప్పుడు రెండో కాన్పు, ఏడో నెల. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. హై రిస్క్ అని ఎర్ర సిరాతో రాసి, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగాను.

"పచ్చడి మెతుకులేనండి మేడమ్. బండి రావట్లేదు, రాహేలమ్మా రావట్లేదు. ఇంకేం తినను?"

విజయవాడ పంపించి రక్తం ఎక్కించాం. నెల ముందే కాన్పయింది. ఆడపిల్ల, కిలోన్నర బరువు. మూడు వారాలు పిల్లను గాజు పెట్టెలో ఉంచారు. బతికింది. దీనికంతా కూరగాయలే కారణమని నేను చెప్పను. నెలలు నిండకుండా పుట్టడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ మొదటి కాన్పులో సునీత వాకిట్లో మునగాకు కట్ట ఉండేదనీ, రెండో కాన్పులో లేదనీ మాత్రం నాకు తెలుసు.

ఆ తరువాత ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన ముగిశాక, రాహేలమ్మ ఇంటికి వెళ్ళాను. మళ్ళీ గంప ఎత్తమని అడిగాను. ఫారంలో నేను రాసింది కూడా చెప్పేశాను. చెప్పకుండా అడగడానికి నోరు రాలేదు.

ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎవరో ఒకరు రాసే ఉంటారనుకున్నా. మీరేనా" అంది. కాసేపు దగ్గింది. తరువాత మామూలుగా, పని మాట మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఎక్కణ్ణుంచి తెమ్మంటారండి? నేను ఎత్తడం మానేసాక ఆ తోటలోళ్ళు ఆకుకూర ఎవరికి అమ్ముకుంటారు? బండోళ్ళు విజయవాడ నుంచి తెచ్చుకునేవాళ్ళు గానీ వీళ్ళ దగ్గర కొన్నారా? ఒకాయన పత్తి వేసుకున్నాడు. ఇంకొకాయన ప్లాట్లు కొట్టించాడు. మళ్ళీ గంప ఎత్తుదామన్నా పాలేటి ఒడ్డున నాకు తోటకూర లేదు."

"మార్కెట్టు నుంచి తెస్తే?"

"అక్కడ కొని, ఆటోలో తెచ్చి, ఆ ఖర్చు మీద వేసుకుని అమ్మితే ఈళ్ళు కొంటారా? సగం ధరకి అలవాటు పడ్డారు. తప్పు వాళ్ళది కాదులెండి." లేచి మంచినీళ్ళు ఇచ్చింది. "తాగండి. ఎండన పడి వచ్చారు."

ఆ మంచినీళ్ళు తాగడం నాకు చాలా కష్టమైంది.

ఇప్పుడు నేను వేరే వార్డులో పని చేస్తున్నాను. సాయం చేస్తామంటూ ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: మీరు రాకముందు ఈ పని ఇక్కడ ఎవరు చేస్తున్నారు? వాళ్ళతో ఒక పూట తిరిగి చూశారా? నిరుడు చిరుధాన్యాల లడ్డూలు పంచుతామని ఒక బృందం వచ్చింది. ఆ వార్డులో పల్లీ ఉండలు చేసి అమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు, ముందు వాళ్ళతో మాట్లాడమన్నాను. వచ్చినవాళ్ళు మర్యాదగా తలూపారు. పది రోజుల తరువాత వేరే వార్డులో వాళ్ళ బ్యానరు కనిపించింది. అక్కడి నర్సు ఇన్ని ప్రశ్నలు వేయలేదట.

దాతలు కలిసి రావడం తప్పని నేను అనను. కానీ వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోగలరు. ఆ వెళ్ళేలోపు అక్కడ అప్పటిదాకా ఉన్నది చెడిపోతే, దాన్ని తిరిగి నిలబెట్టడం వాళ్ళ వల్లా కాదు, నా వల్లా కాదు. ఇది నేను నేర్చుకున్నాను. అందుకోసం నేను పోగొట్టుకున్నదేమీ లేదు, నా ఉద్యోగం నాకుంది. రాహేలమ్మ ఇవాళ కూడా పొద్దున్నే నందిగామ బస్సెక్కింది.