చీర ఒళ్లో పెట్టుకుని చేసిన ప్రార్థన

మా అత్తకు అక్షరం రాదు, నేను మూడో తరగతి దాటలేదు. కానీ ఆమె చేసే ప్రార్థన విని విని నాకు మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చేసింది. ఆమె పోయాక సూరత్‌లోని మా గదిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన నేనే నడిపేదాన్ని. మగవాళ్లు మగ్గాల మీదికి పోయాక మా గల్లీ తెలుగు ఆడవాళ్లం ఐదారుగురం చాప మీద కూర్చునేవాళ్లం.

పెళ్లిళ్ల సీజనులో సలాబత్‌పురా బట్టల బజారు నుంచి నాకు చీరల మూటలు వచ్చేవి. అంచుకు జిగురు చుక్క పెట్టి మెరుపు రాళ్లు అతికించాలి. సాయంత్రానికి మూట తిరిగివ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకని ఒక శుక్రవారం చీర ఒళ్లో పెట్టుకుని, రాళ్లు అతికిస్తూనే ప్రార్థన చేశాను. నోరు ఎక్కడా తడబడలేదు. పైగా పక్కింటి వదిన నవ్వింది: "నీ నోరు మగ్గం లెక్కనే వదినా, దారం తెగదు!" పొంగిపోయాను. ఆ తర్వాత ప్రతివారం అంతే. దేవునికి దూరమవుతున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. ఆయన పేరు నోట్లో ఉంది కదా!

ఒకసారి మా పై గదిలో ఉండే అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. కొడుకు దవాఖానలో ఉన్నాడు, డెంగీ. బట్టల కోసం ఇంటికొచ్చి ప్రార్థనకు ఆగింది.

"అక్కా, పోరనికి ప్లేట్‌లెట్లు పడిపోయినయంట. జర గట్టిగ ప్రార్థన చెయ్."

నేను రాయి అతికిస్తూనే తల వంచాను. మాటలు జలజలా వచ్చాయి. "ఈ బిడ్డను జ్వరం నుంచి లేపి ఇంటికి చేర్చినందుకు స్తోత్రం తండ్రీ..."

అది ముందువారం ఇంకో పాప కోసం చెప్పిన స్తోత్రం.

ఎవరూ ఆమెన్ అనలేదు. తలెత్తితే ఆ అమ్మాయి నావైపే చూస్తోంది.

"ఏమన్నవక్కా? నా కొడుకు ఇంటికి రాలే. గ్లూకోజ్ ఎక్కుతున్నది వానికి."

వదిన గబుక్కున అందుకుంది. "ఏంది చెల్లె, గట్ల చూస్తవ్? విశ్వాసంతోని అన్నది. అయిపోయిందని నమ్మి ముందుగాలనే స్తోత్రం చెప్పాలె, గంతే."

మిగతావాళ్లు తలలూపారు. నేను "అవును" అంటే చాలు, గండం గడిచేది. నా మీద గౌరవం కూడా పెరిగేదేమో. కానీ ఆ అమ్మాయి చూపు నా ఒళ్లోని చీర మీదికొచ్చి ఆగింది.

"లేదు చెల్లె," అన్నాను. "విశ్వాసం కాదు. నువ్వు చెప్పింది నేను వినలే. నోరు దానంతటదే పోయింది."

చీర పక్కన పెట్టి, చేతుల జిగురు కడుక్కొచ్చి మోకాళ్లూనాను. అత్త ప్రార్థన నాలుక చివరికొచ్చింది, ఆపేశాను. దాని వెనక ఇంకేమీ లేదు. ఇన్నేళ్లూ ఆయనతో నా సొంత మాట ఒక్కటైనా మాట్లాడానా?

"ఏ చేతికి సూది గుచ్చిండ్రు?" అని అడిగాను.

"ఎడమ చేతికి. కుడిచేతికి నరం దొరకలే. ఒకటే ఏడుస్తున్నడు."

"ప్రభువా, ఆ ఎడమచెయ్యి పట్టుకో," అన్నాను. మళ్లీ అదే అన్నాను.

ఆమె ఆమెన్ అనలేదు, దవాఖానకు బట్టల సంచి తీసుకుని లేచింది. నేనూ చెప్పులు వేసుకున్నాను.

"నువ్వెందుకక్కా? మూట ఇయ్యాలె గద," అంది మెట్ల దగ్గర.

"పోనియ్."

ఆమె సంచి నా చేతికిచ్చి ముందు నడిచింది.