తొక్కుడు లడ్డు డబ్బా మీద నా చేతిరాత

ఒక్క చీటీ రాసి సొంత బావని చావు గుమ్మం దాకా సాగనంపిన మొనగాణ్ని నేను. నవ్వండి, ఫర్వాలేదు. మా పలాసలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. డిగ్రీ పాసై, ఉద్యోగం దొరక్క, ఒక మిఠాయి కొట్లో కూర్చునేవాణ్ని. ఓరోజు మా ఓనరు ఖాళీ డబ్బా నా ముందు పడేశాడు.

"సరుకులో ఏటేటున్నాయో డబ్బా మీద రాయాలంటరా. సదువుకున్నోడివి కదా, రాసెయ్."

సదువుకున్నోడివి అన్నాక ఆగుతానా! "తొక్కుడు లడ్డు: శనగపిండి, బెల్లం, నెయ్యి, యాలకులు." ముత్యాల్లాంటి అక్షరాలు. జిరాక్సులు తీసి డబ్బాలన్నిటికీ నేనే అంటించాను.

అందులో జీడిపప్పు పొడి కూడా పడుతుంది. మరెందుకు రాయలేదంటారా? మాది జీడిపప్పుకి పేరుమోసిన ఊరు. మీరు పలాసవాళ్లు కాదు, మీకర్థం కాదు. మా దగ్గర గుండుగా ఉంటేనే జీడిపప్పు. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. పొడిని ఎవడు లెక్కచేస్తాడు?

మా బావకి మాత్రం జీడిపప్పు పడదు, తింటే గొంతు వాచిపోతుంది. మా అక్క మొగుడు, టెక్కలిలో మాస్టారాయన. పలాస పిల్లని చేసుకుని జీడిపప్పు తినని అల్లుడంటే మా వీధికి ఎంత వేడుకో! వెక్కిరించడంలో నేనూ తక్కువేం తినలేదు.

అలాంటి మనిషికి నేనే డబ్బా పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చీటీ అంతా చదివాడు.

"ఇందులో అది లేదు కదా?"

"నా సేతిరాతే బావా, సూడు. నామీద నమ్మకం నేదేటి?"

తిన్నాడు. బాగుందని రెండోది కూడా తీసుకున్నాడు. పది నిమిషాల్లో పెదాలు బూరెల్లా పొంగాయి, ఊపిరి ఈలేసింది. అక్కా నేనూ ఆయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం.

"ఏం తిన్నాడు? పడనిదేమైనా ఉందా?" అన్నాడు డాక్టరు.

"జీడిపప్పు పడదండి. కానీ ఇందులో లేదు, రాసుంది చూడండి," అని డబ్బా చూపించాను.

పాపం ఆయన చదివి నమ్మాడు. "అయితే రొయ్యలా? ఏదైనా కుట్టిందా?" అని మొదలెట్టాడు. బావకి మాట రావడం లేదు. డబ్బా వైపు వేలు చూపిస్తూ మంచం బాదుతున్నాడు.

"లడ్డు బాగా నచ్చిందండి ఆయనకి," అన్నాను నేను.

మా అక్క నా చొక్కా పట్టుకుంది. "నిజం సెప్పరా! జీడిపప్పు ఏసారా నేదా?"

"పప్పు ఎయ్యనేదే అక్కా. పొడేసారు."

డాక్టరు నా వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. వెంటనే సూది మందు ఇచ్చాడు. బావ దక్కాడు. అక్క మాత్రం ఏడాది నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఓనరుకి చెప్పి ఏడిస్తే, "జీడిపప్పుందని రాయనేదా, ఎదవా! రాసుంటే ఇంకా అమ్ముడయ్యేవి గదరా!" అన్నాడు. మనిషి బతికాడా అని అడగలేదు. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో మాత్రం అడక్కండి, సగం నామీదే.

తర్వాత నా పెళ్లయింది. భోజనాల వరసలో బావ నా పక్కనే కూర్చుని, విస్తరి పక్కకి జరిపి, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పాడు. నాకు ప్రాణం చచ్చిపోయింది.

"బావా, వంటల్లో ఎక్కడా జీడిపప్పు నేదు. దగ్గరుండి నేనే సూసుకున్నాను."

"అందుకేరా తెచ్చుకున్నాను," అన్నాడు, ఎంతో ప్రేమగా.

తినే వస్తువులో ఫలానాది లేదన్న మాట ఈ జన్మలో నా నోట రాదని, బంధుమిత్రుల సమక్షంలో, పెరుగన్నం చేతిలో పట్టుకుని, అప్పుడే ప్రమాణం చేశాను.