చెల్లెలి గుండెలో ఉడికిన పసుపు

మొన్న, వైద్యం చదువుతున్న మా మనవరాలు స్టెతస్కోపు నా చెవులకు తగిలించి తన గుండె చప్పుడు వినిపించింది. అంతా బాగానే ఉంది. నా చెవులు మాత్రం ఇంకో చప్పుడు కోసం వెతికాయి.

అరవైల్లో మా ఆర్మూర్‌లో పసుపు ఉడికించిన కడాయిలు మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా చెల్లెలి రొమ్ముకు చెవి ఆనిస్తే, మూతపెట్టిన ఆ కడాయిలాగే బుసబుసమనేది. పుట్టుకతోనే గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం ఉందని, ఏటా తెచ్చి చూపించమని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. ఇంత చప్పుడు చేసే రంధ్రం ఎంత పెద్దదోనని, పెద్దకొడుకునన్న పెత్తనంతో నేనే ఆమెను ఉరకనివ్వలేదు, బతుకమ్మ ఆడనివ్వలేదు. రోజూ పొద్దున్నే చెవిపెట్టి వినేవాణ్ణి.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు, వానకాలంలో, ఆ చప్పుడు సన్నబడి ఒకనాడు అసలు వినిపించనే లేదు. గుండె ఆగిపోవడానికి ఇదే మొదలనుకున్నాను. డాక్టరు ఏమంటాడోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు, ఆ ఏడు చూపించనూ లేదు. బతుకమ్మనాడు తోటిపిల్లలు వాకిట్లో తిరుగుతుంటే, ఆమె ఇంటి కడప మీద కూర్చుని, కూర్చున్నచోటే చప్పట్లు కొట్టింది.

పసుపు ఉడికించే రోజులొచ్చాక, కడాయి పక్కన నిలబడి తనే అడిగింది.

"అన్నా, దినాం చెవి పెడ్తవ్ గని ఏం చెప్తలేవు. నా లోపటి కడాయి కింద మంట ఆరిపోయిందా ఏంది?"

మరునాడే బస్సెక్కించాను. డాక్టరు చాలాసేపు విని, ఎక్స్‌రే తీయించి, నవ్వాడు.

"బొక్క మూసుకపోయిందయ్యా. చిన్న బొక్కనే ఎక్కువ లొల్లి చేస్తది. ఇగ ఉరకనియ్యి."

ఆర్మూర్‌లో బస్సు దిగీదిగగానే ఆమె ఉరికింది. అంగడిలో పసుపు కుప్పల నడుమ, తూకం వేసేవాళ్లు కేకలేస్తున్నా ఆగకుండా, పరికిణీ అంచులు పచ్చబడేలా ఉరుకుతుంటే, నేను తెగిన చెప్పు చేతబట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ వెనకాలే ఉరికాను. ఇంటి ముందు ఆగి, రొప్పుతున్న నన్ను చూసింది.

"గంత ఆయాసమేందన్నా, ఇప్పుడు బొక్క నీకు పడ్డదా?"

ఇప్పుడు గుండెలోని రంధ్రాన్ని తెర మీద రంగుల్లో చూపిస్తారట, రొమ్ముకు చెవి ఆనించే పనే లేదట. మంచిదే. చెల్లెలికీ మనవలు వచ్చారు. నేను పోగొట్టిన ఆ పండుగ గురించి అడిగితే, ఏ బతుకమ్మ అని నన్నే అడుగుతుంది. కడప మీది ఆ చప్పట్లు మాత్రం, ఏ స్టెతస్కోపూ లేకుండానే, నాకింకా వినిపిస్తాయి.