ఆర్డెల్ కాచుకున్న కిటికీ బల్ల

పందొమ్మిది వందల యాభై ఏడులో, మూడుసార్లు కాదన్న ఊరి పెద్దల చేతే నాలుగోసారి మందు లైసెన్సు మీద సంతకం పెట్టించుకుంది మా చెల్లెలు ఆర్డెల్. ఈ సరస్సు చుట్టుపక్కల ఒక ఆడమనిషి పేరు మీద లైసెన్సు రావడం అదే మొదలు. ఆ రోజు నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. సభాపతి కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో మగవాళ్ళు లేరా?"

"ఉన్నారండీ. వాళ్ళు బారుకి అవతల కూర్చుని తాగుతారు. ఇవతల నిలబడి పోసేదాన్ని నేను."

గదిలో నవ్వనివాడు ఆయనొక్కడే. సంతకం మాత్రం పెట్టాడు.

మేము పాడి రైతుల పిల్లలం. ఒకే గది ఉన్న పల్లె బడిలో ఎనిమిదో తరగతితో మా చదువు ఆగిపోయింది. అయినా ఉత్తర విస్కాన్సిన్‌లో కుబియాక్ సప్పర్ క్లబ్ అనే రాత్రి భోజనశాల తెలియనివాళ్ళు లేరంటే అది ఆర్డెల్ చలవ. పైకప్పు కారే పాత డాన్సు హాలు కొని, తనూ భర్త క్లెమ్ కుబియాకూ కలిసి నేల పలకలన్నీ ఊడదీసి మళ్ళీ వేశారు. శుక్రవారం చేప వేపుడు, శనివారం గొడ్డుమాంసం, ఆదివారం కోడి. వంట క్లెమ్‌ది, గుమ్మం ఆర్డెల్‌ది.

ఆమె గుమ్మానికి ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్ళు నేరుగా బల్ల దగ్గరకు పోకూడదు. ముందు బారు దగ్గర కూర్చోవాలి, చెర్రీ వేసిన తీపి బ్రాందీ తాగాలి, ఏం తింటారో అక్కడే చెప్పాలి, పక్కవాడి ఆవు ఎన్ని పాలిస్తోందో అడగాలి. ఈలోగా బల్ల మీద పచ్చికూరల పళ్ళెం వచ్చేది. క్యారెట్, ముల్లంగి, సెలెరీ కాడలు, ఊరవేసిన దోసకాయ. అప్పుడు ఆర్డెల్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "మీ బల్ల సిద్ధం" అనేది. ఆ చెయ్యి పడకుండా జడ్జి గారు కూడా లేవలేదు. ఒకసారి లేవబోతే, "మీ కోర్టులో మీరు పిలవకుండా నేను బోను ఎక్కానా?" అని కూర్చోబెట్టింది.

పడమటి ఒడ్డు వాళ్ళు మా దగ్గరికి రావాలంటే సరస్సు చుట్టూ తిరిగి రావాలి. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టాక ఆ బాధ ఉండదు, కార్లు మంచు మీదే నడుస్తాయి. క్రిస్మస్ అయిపోయాక ఇళ్ళవాళ్ళు పారేసిన చెట్లన్నీ పోగుచేసి, క్లెమ్ మంచు మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వరసగా పాతేవాడు. చెట్టు నిలబడి ఉందంటే దారి బాగుందని అర్థం. మార్చి ఎండకు మంచు మెత్తబడగానే వాటిని పీకెయ్యాలి. పీకకుండా వదిలేస్తే మనుషులను నీళ్ళలోకి పిలిచినట్టే.

డెబ్బై ఒకటి మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం క్లెమ్ చెట్లు పీకడానికి ట్రక్కులో వెళ్ళాడు. సాయంత్రం వచ్చి కిటికీ బల్ల దగ్గర ఆర్డెల్‌తో కలిసి తింటానన్నాడు. ఆమె పళ్ళెం కూడా పెట్టేసింది. మసక చీకట్లో పడమటి ఒడ్డున ట్రక్కు దీపాలు ఇటు తిరగడం చూసింది. సరస్సు సగం దాకా వచ్చాయి. ఆపైన లేవు. మంచు కరిగాక ట్రక్కు దొరికింది. క్లెమ్ దొరకలేదు.

తరువాతి శుక్రవారం ఆమె క్లబ్ తెరిచింది. తెరవొద్దన్నవాళ్ళతో, "చేపలు వచ్చేశాయి, మీరు తింటారా?" అంది. వేపుడు తనే నేర్చుకుంది. ఈ ముప్ఫై రెండేళ్ళలో ఒక్క శుక్రవారం తలుపు మూయలేదు. వంటింట్లో మంటలు లేచినప్పుడు ఆవరణలో పొయ్యి పెట్టి వడ్డించింది. మంచు తుఫానులో రోడ్డు మీద మంచు తోసే పనివాళ్ళందరికీ కడుపు నింపింది. మా వంశంలో ఇంత పని చేసిన మగవాడు కూడా లేడు.

చెట్లు పీకిన రోజు నుంచి మంచు పోయేదాకా, ఏటా మసక చీకటి వేళ పడమటి ఒడ్డు నుంచి రెండు దీపాలు బయలుదేరతాయి. అక్కడ అప్పుడు దారి ఉండదు. నేను చూశాను. బారులో కూర్చున్న ప్రతివాడూ చూశాడు. ఎవరూ ఆ మాట ఎత్తరు, గొంతులు మాత్రం తగ్గుతాయి. ఆర్డెల్ కిటికీ బల్ల మీద పళ్ళెం పెట్టి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడుతుంది. దీపాలు ఆరాక తిరిగి వచ్చి ఇంకొకరి భుజం మీద చెయ్యి వేస్తుంది.

మొదట్లో అవి సరస్సు సగంలోనే ఆరేవి. తరువాత మా ఒడ్డుకు దగ్గరగా ఉన్న కొంగల రాయి దాకా వచ్చాయి. పోయినేడు రాయి దాటాయి.

"ఒకరోజు ఒడ్డెక్కుతాడన్నయ్యా," అంది నాతో. "ఆ రోజు గుమ్మంలో నేనుండాలి. ఇంకెవరో ఉంటే, ఇల్లు మారిందనుకుని వెనక్కి పోతాడు."

ఈ ఫిబ్రవరిలో వెనక మెట్ల మీద జారి ఆమె తుంటి ఎముక విరిగింది. టౌనులో కోలుకునేవాళ్ళ ఆశ్రమంలో ఉంది. క్లబ్ ఆమె కూతురు మార్లిస్ చూస్తోంది. మార్లిస్ చిన్నప్పటి నుంచీ ఆ వేళకు గిన్నెలు కడిగే నెపంతో సరస్సుకు వీపు పెట్టేది.

ఈ మార్చిలో చెట్లు పీకిన శుక్రవారం, షికాగో నుంచి వచ్చిన ఒక జంటను మార్లిస్ బారు దగ్గర కూర్చోబెట్టకుండానే తిన్నగా కిటికీ బల్ల దగ్గరకు తీసుకుపోయింది.

"అది మీ అమ్మ బల్లే," అన్నాను.

"జనం నిలబడి ఉన్నారు మామయ్యా. ఖాళీ కుర్చీకి ఎంతకాలం వడ్డిస్తాం?"

కాసేపటికి ఆ షికాగో ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఎవరో ఇటే వస్తున్నారు. మంచు మీద దారుందని చెప్పి ఉంటే మేమూ అలాగే వచ్చేవాళ్ళం కదా," అంది.

"దారి తీసేశారన్నారే?" అన్నాడు భర్త.

మార్లిస్ నీళ్ళ కూజాతో అక్కడే ఆగిపోయింది. ఈసారి చూసింది. దీపాలు కొంగల రాయి దాటాయి. మా పడవల రేవు చివరి స్తంభాల దగ్గరకు వచ్చి నిలబడ్డాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. మంచు పగిలిన చప్పుడు కూడా లేదు. తరువాత ఆరిపోయాయి.

"ఏమీ అనుకోకండి, పొరపాటు మాది," అంది మార్లిస్ ఆ జంటతో. "కాసేపు బారు దగ్గర కూర్చోండి."

"ఇప్పుడే కదా కూర్చున్నాం," అని ఆయన గొణిగాడు.

"రావయ్యా," అన్నాను. "ఇక్కడ ఆకలి కూడా బ్రాందీ తాగాకే లోపలికొస్తుంది."

వాళ్ళు లేచాక మార్లిస్ కొత్త పళ్ళెం తెచ్చి పెట్టింది. వెళ్ళి తల్లికి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను, ఆర్డెల్ గొంతు నాకూ వినిపించింది.

"ఎంతదాకా వచ్చాడు?"

"రేవు దాకా అమ్మా."



"సెలెరీ తీసెయ్, ఆయనకి పడదు. ముల్లంగి ఎక్కువ పెట్టు. నువ్వు మాత్రం గుమ్మంలో నిలబడకు. మామయ్యకివ్వు."

ఫోను తీసుకున్నాను.

"అన్నయ్యా, మంచు ఎలా ఉంది?"

"ఒడ్డున నల్లబడింది. మధ్యలో గట్టిగానే ఉంది."

"ఎప్పటిదాకా ఉంటుంది?"

మంచు పోయే రోజు చెప్పడంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాడు లేడు. ఆరేళ్ళు వరసగా పందెం గెలిచాను. "ఏప్రిల్ మొదటి వారం దాటదు," అన్నాను.

డాక్టరు ఏప్రిల్ నెలాఖరు దాకా కదలొద్దన్నాడు. ఆమె ఊతకర్ర చట్రం పట్టుకుని అతని ఎదుటే వరండా చివరిదాకా నడిచి వచ్చిందట. నిన్న, ముందే ఇంటికి పంపడానికి ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఆ బల్ల నేను చూస్తాను. గుమ్మంలో ఎవరినీ నిలబడనివ్వను. ఆర్డెల్ వచ్చేది ఏప్రిల్ నాలుగు, శుక్రవారం.