గుమ్మడికాయలు దిద్దిన లెక్క

పోయిన వారం పాత ఇనుము కొనే ఆయన తోపుడుబండి తోసుకుంటూ మా వీధిలోకి వచ్చి, మా గేటు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇనుప పట్టీని చూసి ఆగిపోయాడు. రెండు మూరల పొడవుండి, విల్లులా కొంచెం వంగిన ఆ పట్టీని ఆయన పెళ్లిచూపులకు వచ్చినవాడి లాగా నాలుగు వైపుల నుంచీ చూసి, “సుమ్మనే పడుండాది కదా సార్, ఇచ్చేయప్పా” అన్నాడు. సార్ అన్న నోటితోనే అప్పా అనడం మా బళ్ళారి మర్యాద. మా ఆవిడ లోపలి నుంచే ఇచ్చేయమంది. ఇరవై ఏళ్లుగా ఆ పట్టీ ఆమె కాలి బొటనవేలి కోసమే కాచుకుని ఉందని ఆమె నమ్మకం. నేను ఇవ్వనన్నాను. ఎందుకివ్వవని ఇద్దరూ అడిగారు. ఇంత కథ గేటు దగ్గర నిలబడి చెప్పేది కాదు కాబట్టి, అది మా బావదని మాత్రం అన్నాను.

మన ఈడు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మన కొండలు ఇనుప ఖనిజంగా లారీలెక్కి, రేవు చేరి, అక్కడి నుంచి ఓడలెక్కి పరదేశాలకు పోతున్న కాలం. రోడ్డు మీద టిప్పర్ల వరుసకు మొదలు ఎక్కడో, చివర ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు. తెల్ల చొక్కా ఉతికి ఆరేస్తే సాయంత్రానికి ఇటుక రంగులో చేతికొచ్చేది. మేముండే కంటోన్మెంటు పేటలో దాన్ని కొత్త చొక్కా కింద జమకట్టుకునేవాళ్లం. నేను ఇంజనీరింగు చదివి, ఒక కర్మాగారంలో కొన్నేళ్లు పనిచేసి, అది నేను లేకుండా కూడా చక్కగా నడుస్తుందని పైవాళ్లు కనిపెట్టిన తర్వాత, మా అక్క భర్త షెడ్డులో చేరాను. బావ చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, ఆయన వెల్డింగు వేసిన బండి మాత్రం ఎక్కడా ఆగేది కాదు, విరిగేది కాదు.

షెడ్డులో మాకున్న పని ఒక్కటే, టిప్పర్లకు కమాన్ పట్టీలు ఎక్కించడం. కమాన్ అంటే బండి బరువును మోసే ఆ వంపు పట్టీల కట్ట. తయారుచేసిన కంపెనీ ఈ బండి ఇంత బరువే మోస్తుందని రాసి పంపేది. మా ఊరు దాన్ని కంపెనీ వారి సొంత అభిప్రాయంగా గౌరవించి పక్కన పెట్టేది. ఏ టిప్పర్ షెడ్డులోకి వచ్చినా డ్రైవరు దిగకముందే “రెండు పట్టీలు ఎక్కిచ్చప్పా” అనేవాడు. మేము ఎక్కించేవాళ్లం. జ్వరమొచ్చిన వాడికి మాత్ర ఎంతో, మా ఊళ్లో బండికి పట్టీ అంత.

బావకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. సైన్యం వారు వేలం వేసిన ఒక పాత పికప్ ట్రక్కును కొని, పందేల బండిగా మార్చుకున్నాడు. ఆ రోజుల్లో గనుల వారి కుర్రాళ్లు మోక ఊరి దగ్గర హగరి ఏటి ఇసుకలోనూ, పక్కనున్న నల్లరేగడి చేలలోనూ కోతలయ్యాక బండ్ల పందేలు పెట్టేవారు. వాళ్ల బండ్లు ఓడల్లో దిగినవి. కొండ ఒక ఓడలో పోతే బండి ఇంకో ఓడలో వచ్చేదన్నమాట. వాటి మధ్య మా పాత ట్రక్కు పెళ్లి పందిట్లోకి వచ్చిన వంటవాడిలా ఉండేది. అయినా బావ దాని స్టీరింగు పట్టుకున్నాడంటే, నేను చూసిన మనుషుల్లో అంత నిబ్బరంగా కూర్చునేవాడు ఇంకొకడు లేడు.

మొదటి పందేనికి ముందు బండి వెనక కమాన్లకు నేనే లెక్కకట్టి, ఒక్కో వైపు రెండేసి పట్టీలు ఎక్కించాను. పందెంలో ఏటి గట్టు దిగుతుండగా బండి తోక ఒక్కసారిగా గాల్లోకి లేచింది, ముక్కు ఇసుకలో దిగబడింది, బండి రెండు పల్టీలు కొట్టి పక్క మీద పడుకుంది. బావ కాలరు ఎముక విరిగింది, అంటే మెడకూ భుజానికీ మధ్యది. బండిలో విరగని భాగం వెతకాల్సి వచ్చింది. ఆ మర్నాటి నుంచి టీ అంగడి దగ్గర బావకు కొత్త పలకరింపు మొదలైంది. “ఏమప్పా, గాడి ఇంకా పక్క మీద పండుకొనే ఉండాదా, లేసిందా?” బావ నవ్వి ఊరుకునేవాడు. చేతనైన డ్రైవరని పాతికేళ్లుగా సంపాదించుకున్న పేరు రెండు పల్టీల్లో పోయింది. అక్క మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి, ఒకే ఒక్కసారి పోవచ్చునని, ఈసారి కూడా బండి నిలబడి రాకపోతే దాన్ని ముక్కలు కోసి పాత ఇనుముకు వేయాలని, ఆ కోసేది కూడా బావే కావాలని తీర్మానించింది. మా ఇంట్లో అక్క తీర్మానాలకు సవరణలుండవు.

మూడు నెలలు మరమ్మతు చేశాం. మెలిక పడిన చాసీని సిమెంటు దిమ్మెకు గొలుసులతో కట్టి, ఎర్రగా కాల్చి, జాకీలతో నొక్కి, దారం పట్టి చూసి, మళ్లీ కాల్చి, చివరికి సరిచేశాం. బావ ఒక చేయి మెడకు కట్టుకుని ఇంకో చేత్తో సుద్దముక్కతో గీతలు గీస్తుంటే, నేను ఆ గీతల మీద కోసేవాణ్ణి. అప్పడమైపోయిన పైకప్పును తీసేసి, లావుపాటి పైపులతో డ్రైవరు చుట్టూ బోను కట్టాం. రాళ్లు తగలకుండా రేడియేటరును వెనక్కు జరిపాం. ఒక్కో చక్రానికి కుదుపు తగ్గించే జంపర్లు రెండేసి బిగించాం. బండి పడినా మనిషి సీట్లోనే ఉండిపోయేలా రెండు సీట్లకూ నాలుగు పట్టాల బెల్టులు పెట్టాం. అన్నీ అయ్యాక, చదువుకున్నవాడిగా నా వంతు కూడా ఏదో ఒకటి ఉండాలి కదా అని, వెనక కమాన్లకు ఇంకో పట్టీ చొప్పున ఎక్కించాను. వద్దనే ఆలోచన షెడ్డులో ఒక్కరికీ రాలేదు.

పందెం ఇంకో రెండు వారాలుందనగా మా గుడిలో కోత పండుగ వచ్చింది. తాతల నాటి మిషన్ గుడి మాది. ఏటా ఆ పండుగకు చుట్టుపక్కల ఊళ్ల సంఘస్థులు తమ పంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు. పక్క ఊరు రూపనగుడి వాళ్లు కానుకలు తీసుకెళ్లడానికి బండి పంపమన్నారు. టిప్పర్లన్నీ కొండ మీదే ఉన్నాయి. మిగిలింది మా పందెపు బండి. బావ భుజం ఇంకా కుదుటపడలేదు గనక శనివారం పొద్దున నేనే నడిపాను. రూపనగుడిలో పుట్టిన మా అమ్మ నేనూ వస్తానని పక్కన ఎక్కింది. బెల్టు నాలుగు పట్టాలూ ఆమెకు బిగించేసరికి విమానం నడపబోయే మనిషిలా తయారైంది.

పోయేటప్పుడు దారి పొడవునా బండి కప్పలా ఎగిరింది. చిన్న గతుకుకు కూడా వెనక చక్రాలు నేలను వదిలేసేవి. అమ్మ మొదట ప్రార్థన చేసింది, తర్వాత పాట ఎత్తుకుంది, ఆ పాట గతుకుకొక ముక్కగా బయటికొస్తుంటే చివరికి ఇక చాలని, “సాకప్పా సాకు, నడిచి వస్తా, దించేయ్” అంది. దించలేదు. రూపనగుడిలో ఎనిమిది బస్తాల జొన్నలు, ఆ పైన గుట్టగా గుమ్మడికాయలు, ఆ పైన సంఘపు పెద్దలు ఏడుగురు ఎక్కారు. వచ్చేటప్పుడు అదే దారి, అదే గతుకులు. అమ్మ హాయిగా నిద్రపోయింది. గుడి ముందు బండి ఆపాక లేచి, చుట్టూ చూసి, మా చదువులో ఏ ప్రొఫెసరూ అడగని ప్రశ్న అడిగింది:

“పోయేటప్పుడు గుర్రమెక్కినట్ల ఉన్నింది, వచ్చేటప్పుడు తొట్లో పండుకొన్నట్ల ఉండాది. బండి అదే కదరా నాయనా, నడమ ఏం చేసినావు?”

ఏమీ చేయలేదమ్మా, గుమ్మడికాయలు ఎక్కించానన్నాను. ఆ మాట నోటి నుంచి వెళ్లాక, నా చెవికి తిరిగి రావడానికి కొంచెం సేపు పట్టింది. ఇంటికి పోయి లెక్కల పుస్తకం తీశాను. బండి బరువు అన్న చోట నేను వేసుకున్నది నిండు బండి బరువు. టిప్పర్లకు వేసి వేసి చెయ్యి ఆ అంకెనే రాసేసింది. పందెంలో బండి ఖాళీగా పోతుందన్న సంగతి నాకు తట్టలేదు. పైన బరువు లేకపోతే అన్ని పట్టీలు వంగవు, గతుకు తగిలినప్పుడల్లా తోకను పైకి తంతాయి. మా ఊళ్లో ఆ రోజుల్లో ఖాళీ బండి గురించి ఎవరైనా ఆలోచించారా? ఇసుక గట్టు దగ్గర తోక లేపింది బావ చేతులు కాదు, నా పట్టీలు. విరిగిన ఎముకా నా లెక్కే, టీ అంగడి దగ్గర పోయిన పేరూ నా లెక్కే.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు సమయమిస్తారని చదివేవాళ్లకు తెలిసే ఉంటుంది. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం మా ఆచారం. ఆ రోజు ఒకావిడ గేదె కోలుకున్న సంగతి చెప్పింది, ఒకాయన కొడుకు పరీక్ష గట్టెక్కిన సంగతి చెప్పాడు, మూడోవాణ్ణి నేను లేచాను. మా బావ బండి తిరగబడింది బావ వల్ల కాదని, నేను తప్పు లెక్క వేసి అక్కర్లేని పట్టీలు ఎక్కించడం వల్లనని, దాని మీద ఇంకోటి కూడా ఎక్కించి మళ్లీ ఆయన్ని పంపబోయానని, గుమ్మడికాయలు లేకపోతే ఈ సంగతి నాకెప్పటికీ తెలిసేది కాదని చెప్పాను. సంఘమంతా అలవాటు కొద్దీ “ఆమెన్” అంది. ఆడవాళ్ల వైపు నుంచి మా అక్క ఆమెన్ మాత్రం కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా వినిపించింది. మగవాళ్ల వైపు కూర్చున్న బావ పాటల పుస్తకం లోంచి తల ఎత్తలేదు. టీ అంగడి రాయుళ్లలో సగం మంది మా సంఘస్థులే గనక, వేరే ప్రకటన అవసరం లేకపోయింది.

గుడి వదిలాక బావ నేరుగా షెడ్డు దాకా నడిచాడు, వెనకే నేను. పెద్ద పానా తీసి నా చేతిలో పెట్టాడు.

“ఎక్కిచ్చినోడే దించల్ల బామ్మర్దీ.”

ఆదివారం పని చేయని ఇల్లు మాది. ఆ ఒక్క ఆదివారం చేశాను. ఒక్కో వైపు మూడేసి పట్టీలు దించేసరికి సాయంత్రమైంది. బావ ఎదురుగా పీపా మీద కూర్చుని, వేరుశనగ కాయలు వలుచుకు తింటూ, బోల్టు ఊడిన ప్రతిసారీ ఒక పలుకు నాకు ఇచ్చాడు. మా మధ్య జరిగిన రాజీ మొత్తం అంతే.

పందెం రోజు అక్క, అమ్మ ఇద్దరూ ఏటి గట్టు మీద నిలబడ్డారు. నేను కిందున్నాను, ఆ గట్టు దిగే చోటే. బావ బండి వస్తోంది. నా జీవితంలో చాలా పరీక్షలు రాశాను గానీ, ఫలితం అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. బండి గట్టు అంచుకొచ్చింది, ముక్కు దించింది, వెనక భాగం బరువైన మనిషి కుర్చీలో కూర్చున్నట్టు కుంగి, మళ్లీ మెల్లగా లేచింది. చక్రాలు ఇసుకను వదల్లేదు. మాది మూడో స్థానం. ముందున్న ఇద్దరివీ ఓడల్లో దిగిన బండ్లు, కాబట్టి మేము దాన్ని స్వదేశీ బండ్లలో మొదటి స్థానంగా తీసుకున్నాం. టీ అంగడి ఆయన “ఈసారి నిలబడే వచ్చింది కదప్పా గాడి!” అంటే, బావ హెల్మెట్ తీస్తూ “గుమ్మడికాయలు దించేసినాంలే” అన్నాడు. అక్క తీర్మానం ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా.

గనులు మూతపడి ఎన్నో ఏళ్లయింది. మళ్లీ కొన్ని తెరిచారంటారు గానీ, ఆ వరుసలు లేవు, ఆ దుమ్మూ లేదు; తెల్ల చొక్కా తెల్లగానే ఆరుతోంది, అందువల్ల పాత చొక్కాలు పాతగానే కనిపిస్తున్నాయి. మా షెడ్డు ఉన్న చోట ఇప్పుడు కార్లు కడుగుతారు. మరమ్మతంటే పాత ముక్క తీసి కొత్త ముక్క పెట్టడమయింది. కాల్చి, వంచి, దారం పట్టి చూసేవాళ్లు లేరు. కొత్త కారులో కూర్చుంటే కింద రోడ్డుందో లేదో కూడా తెలియదు. మా అమ్మ ఉంటే అందులో ఎక్కిన దగ్గర నుంచి దిగే దాకా నిద్రపోయేది. అయితే ఆ ప్రశ్న అడిగేది కాదు.

దించిన పట్టీల్లో ఐదు రూపనగుడి కొలిమిలో కొడవళ్లయ్యాయి. ఒక్కటి మిగిలింది. బావ ఇప్పటికీ ప్రతి ఆదివారం గుడి నుంచి నేరుగా మా ఇంటికొస్తాడు. గేటు దగ్గర వంగి, ఆ పట్టీ పక్కకు తీసి, లోపలికొచ్చి, మళ్లీ యథాస్థానంలో పెట్టి, “ఇంకా ఉండాదా నీ లెక్క?” అంటాడు. ఉంది బావా అంటాను. పోయిన ఆదివారం మాత్రం వంగబోయి, నడుం పట్టుకుని నిలబడిపోయి, నా వైపు చూశాడు. నేనే వెళ్లి వంగి తీశాను.