ఊపని కప్పు

ఒమాన్ దేశంలోని సూర్‌లో ఇంటిపనికున్న కడప కాశమ్మ కాచే గావా కాఫీ గురించి కాశమ్మే చెప్పాలి. "దాని వాసనకు చచ్చిన ఒంటె లేచి కూచున్నాది మే," అంటుంది పక్కింట్లో పనిచేసే హసీనాతో. ఒమానీల రోజువారీ బతుకు చూపిస్తామని టూరు కంపెనీ వారానికోసారి ఎనిమిదిమంది తెల్లవాళ్లను కాశమ్మ పనిచేసే మేడం ఇంటికి తెస్తుంది. కాశమ్మ ఎడమచేత కాఫీ కూజా, కుడిచేత కప్పులు పట్టుకుని, మోకాలినొప్పికి ఒంటికాలి మీద బరువేసి నిలబడుతుంది. తాగినవాళ్లు కప్పు అటూ ఇటూ ఊపితేనే చాలని అర్థం. అందాకా పోస్తూనే ఉండాలి, కదలకూడదు.

ఆ గురువారం కూతురు శ్రీవాణికి తిరుపతిలో గుండె ఆపరేషన్. లోపలికి తీసుకుపోయేముందు మాట్లాడిస్తానన్నాడు మొగుడు. ఇక్కడ ఒక ముసలి దొరసానికి కప్పు ఊపాలని తెలియదు, మర్యాదకని పోసిందల్లా తాగుతోంది. నాలుగో కప్పుకు వంటింట్లో ఫోను మోగింది. కాశమ్మ మేడం వైపు చూసింది.

"సబర్, కాస్త ఓపిక పట్టు కాశమ్మా. నీ గావా ఆమెకు నచ్చింది," అని మేడం నవ్వింది.

ఆరో కప్పుకు ఫోను ఆగింది. ఏడోదానికి గైడు ఊపడం నేర్పాడు. ఎనిమిదిమందీ సరదాగా ఊపి ఫొటోలు దిగారు.

కాశమ్మ వంటింట్లోకి వెళ్లి ఫోను చేస్తే మొగుడు ఎత్తాడు.

"తీసుకపోయినారు. ఫోను చెవికి పెట్టుకోనే పోయినాది. తలుపుకాడ నేనే లాక్కున్యా."